చుక్కల రొయ్య

ఆదివారం పొద్దున్నే పిల్లలిద్దర్నీ బండి మీద పేరుపాలెం తీసుకెళ్లి, ఒడ్డున నిలబడి గేలం వేసి, ఒక్క స్క్విడ్‌నైనా వాళ్ల చేత పట్టించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యాలి. బుల్లిరాజు వేసుకున్న ప్లాను ఇంతే. దీనివల్ల ఊళ్లో రొయ్యల చెరువులన్నిటికీ ముప్పు వస్తుందని ఆయనకు కలలో కూడా తోచలేదు.

బుల్లిరాజు మాటలు తక్కువ మనిషి. కాస్త వరి, ఒక ట్రాక్టరు ఉన్నాయి. కాదని చెప్పడానికి కూడా నోరు తెరవాలి కాబట్టి, ట్రాక్టరు కావాలని ఎవరొచ్చినా తల ఊపి తాళం చెవి అందుకునేవాడు. అలా తల ఊపినప్పుడల్లా కూతురికి ఇచ్చిన ఆదివారం ఒకటి ఎగిరిపోయేది. పాలకొల్లు తీసుకెళ్తానన్న ఆదివారం ఎవరి చేలోనో దమ్ము. ఎగ్జిబిషన్ చూపిస్తానన్న ఆదివారం ఎవరింటికో ఇటుక. ఆరో తరగతి చదువుతున్న శ్రీదుర్గ శనివారం బళ్లో "రేపు మా నాన్న నన్ను తీసుకెళ్తాడు" అని చెప్పడం, సోమవారం తలొంచుకుని వెళ్లడం మామూలైపోయింది. పక్క బెంచీలో కూర్చునే సాయిదుర్గ ఊరుకునే పిల్ల కాదు.

"మీ నాన్న ఆదివారం ఏ కేలెండర్లో ఉంటుందే? మా కేలెండర్లో కనపళ్లేదు," అంది అందరి ముందూ.

ఆ మాట శ్రీదుర్గ ఇంట్లో చెప్పలేదు. రెండో తరగతి చదివే తమ్ముడు గణేష్‌బాబు చెప్పాడు. వాడికి తెలిసిన సంగతి ఊరికి తెలియడానికి, వాడు ఊపిరి పీల్చుకునేంత వ్యవధి చాలు. అన్నం తింటున్న బుల్లిరాజు చెయ్యి కంచంలోనే ఆగింది. చెయ్యి కడుక్కుని, కూతురు చదువుకుంటున్న చోటికి వచ్చి నిలబడ్డాడు.

"ఈ ఆదివారం స్క్విడ్డు," అన్నాడు.

శ్రీదుర్గ ఫోన్లో మళ్లీ మళ్లీ చూసే వీడియో ఒకటుంది. ఏదో దేశంలో ఒక తండ్రీ ఇద్దరు పిల్లలూ సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చుని గేలం వేస్తారు. సన్నటి చేతులు పదీ ఆడిస్తూ స్క్విడ్ పైకొస్తుంది. రాగానే తండ్రి మొహం మీద నల్లటి సిరా చిమ్ముతుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. అదే అక్కడి వింత. బుల్లిరాజు దాన్ని కూతురి భుజం మీంచి చాలాసార్లు చూశాడు. తను చూస్తున్నట్టు కూతురికి తెలియదని ఆయన అనుకునేవాడు.

గేలం కర్ర, దానికో చక్రం, రెండు బొమ్మ రొయ్యలు పార్సిల్లో వచ్చాయి. స్క్విడ్‌కి ఎర ఆ బొమ్మే. ఒక్కోటి అరచెయ్యంత ఉంది. పైన గులాబీ రంగు గుడ్డ తొడిగారు. వీపు నిండా తెల్లటి చుక్కలు. నల్లటి గాజు కళ్లు. తోక దగ్గర చుట్టూ గొడుగు ఊచల్లా సూదులు. స్క్విడ్ వచ్చి రొయ్యే అనుకుని కౌగిలించుకుంటుందట, సూదుల్లో చిక్కుకుంటుందట.

"చుట్టూ ఇన్ని చెరువులు పెట్టుకుని గుడ్డ రొయ్యలు కొన్నది ఈ జిల్లాలో మీరొక్కరే అయ్యుంటారండీ," అంది భార్య శ్యామలాంబ.

తీరం నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చి అమ్మే అప్పాయమ్మ కూడా చూసి బుగ్గన వేలేసుకుంది. "గేలానికా బాబూ? అది వలకి పడద్దిగానీ గేలానికి పడగా నేను చూళ్లేదు. మన సముద్రం చూస్తే బురద, దానికి కళ్లు కనపడాలా? సరే, పడితే మాత్రం నాకో కేకెయ్యండి."

బుల్లిరాజు తల ఊపాడు.

ఆదివారం తెల్లవారుతుండగా ముగ్గురూ లేచారు. సముద్రం దగ్గరికెళ్లి నలుగురిలో నవ్వులపాలయ్యే ముందు ఒకసారి విసరడం నేర్చుకోవాలనిపించింది బుల్లిరాజుకి. ఊరి కాలువ నిండా గుర్రపుడెక్క. నీళ్లు కనపడే చోటు బావగారి రొయ్యల చెరువు పక్కనున్న మురుగు కాలువ ఒక్కటే. శ్యామలాంబ అన్నగారు భీమరాజుది ఆ చెరువు. చెరువుకీ మురుగు కాలువకీ మధ్య గట్టు. గట్టు మొదట్లోనే ఒక బోర్డు ఉంది: "ఇందు గేలము వేయరాదు. వేసినవారు శిక్షార్హులు." దాని కింద వేరే రంగుతో, తరవాత రాయించిన ముక్క ఇంకొకటి: "బంధువులకు సహితము వర్తించును."

"మనం ఇటు వెయ్యట్లేదుగా, అటు వేస్తున్నాం," అన్నాడు బుల్లిరాజు, బోర్డు వైపు చూడకుండా. పొద్దున్నుంచీ ఆయన మాట్లాడిన వాటిల్లో అదే పెద్ద వాక్యం.

చెరువుకి వీపు పెట్టి, మురుగు కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు. వీడియోలో చూసినట్టే కర్రను భుజం మీదుగా వెనక్కి తీసుకెళ్లి, ఊపిరి బిగబట్టి, ముందుకు విసిరాడు. కర్ర ముందుకు వచ్చింది. తాడు ముందుకు వచ్చింది. రొయ్య మాత్రం రాలేదు. వెనకాల ఎక్కడో బుడుంగుమంది.

"నాన్నా, రొయ్యేదీ?" అంది శ్రీదుర్గ.

"పడింది."

"ఎక్కడ?"

బుల్లిరాజు తిరగకుండానే బొటనవేలితో భుజం మీదుగా వెనక్కి చూపించాడు.

"మావయ్య చెరువులోనా! నాన్న మావయ్య చెరువులో గేలం..." అని గణేష్‌బాబు మొదలుపెట్టేలోపు అక్క వాడి నోరు మూసింది.

"నువ్వు కట్టిన ముడి నేను అప్పుడే చూశాను నాన్నా. అది చెప్పులు కట్టుకునే ముడి," అంది.

చెరువులోకి కట్టిన చెక్క వంతెన పక్కన నీళ్లు సుళ్లు తిరిగి ఆగిపోయాయి. దిగి వెతుకుదామా అనుకుంటుండగా దూరంగా బండి చప్పుడయింది. రొయ్యల చెరువు గట్టు మీద, తెల్లవారుజామున, చేతిలో గేలంతో దొరికిన మనిషి ఏ కథ చెప్పినా దొంగే. బుల్లిరాజు కర్రను సంచిలో దూర్చి, పిల్లల్ని బండెక్కించి, ఇంటివైపు తిప్పాడు.

"వాడికి చెప్పు," అన్నాడు కూతురితో.

"ఒరేయ్, ఈ సంగతి ఎవరికీ చెప్పకపోతే బీచ్‌లో నీకు మొక్కజొన్న పొత్తు," అంది శ్రీదుర్గ.

"రెండు పొత్తులు," అన్నాడు గణేష్‌బాబు.

ఆ వచ్చిన బండి త్రిమూర్తులుది. సాయిదుర్గ వాళ్ల నాన్న. భీమరాజు చెరువు దాటితే త్రిమూర్తులు చెరువు. రొయ్యల రైతు తన చెరువు గురించి చెప్పే మాట పక్క రైతు నమ్మడు. "ఎలా ఉందండీ?" అంటే "ఆ, ఏదో అలా ఉందండీ" అంటారు ఎవరైనా. అందుకని త్రిమూర్తులు తన చెరువుకి వెళ్లే ముందు రోజూ భీమరాజు చెరువు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, వంతెన మీంచి చెక్ ట్రే పైకి లేపి చూసేవాడు. రొయ్య ఎంత మేత తింటోందో, ఎలా ఉందో చూసుకోవడానికి నీళ్లలో వేలాడదీసే వల పళ్లెం అది. పరాయి చెరువు ట్రే లేపడం తప్పు. అయితే, లేపకపోతే త్రిమూర్తులుకి టిఫిన్ సహించదు.

ఆ రోజు ట్రే లేపేసరికి అందులో ఒంటరిగా ఒక రొయ్య. గులాబీ రంగుకి తిరిగిపోయి, కదలకుండా, కళ్లు తేలేసి ఉంది. వీపు నిండా తెల్ల మచ్చలు.

త్రిమూర్తులుకి ఒక్కటే తోచింది. తెల్లమచ్చ తెగులు! ఒక్క చెరువులో కనపడితే కాలువ పొడుగునా చెరువులన్నీ ఊడ్చుకుపోతాయి. అలాంటి రొయ్యను ముట్టుకున్న చేత్తో తన చెరువు దగ్గరికి వెళ్లకూడదు. ముట్టుకోలేదు. మసక వెలుతురులోనే ఫొటో తీశాడు. కంగారులో ట్రేను ఒక పక్కకి ఒరిగేలా వదిలేశాడు. రొయ్య జారి నీళ్లలో కలిసిపోయింది. అది ఆయన చూడలేదు.

ఇంటికెళ్లి ఆక్వా రైతుల గ్రూపులో ఫొటో పెట్టాడు. "ఎవరో పంపారు. మన ఏరియానే. ఎవరిదో చెప్పను. జాగ్రత్త," అని రాశాడు.

చెప్పక్కర్లేకపోయింది. ట్రే అంచుకి కుట్టిన ఎర్ర చీర అంచు భీమరాజు భార్యదని ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు. బుల్లిరాజు ఇంట్లో పిల్లలు పెసరట్టు తింటుండగా గ్రూపులో ఫొటో తిరుగుతూనే ఉంది. చూడనివాళ్లు కూడా "నేనూ చూశాను, నిజమే" అని రాశారు. ఒకాయన తన చెరువులో కూడా రొయ్యలు అదోలా చూస్తున్నాయన్నాడు. 

భీమరాజు పరుగున వెళ్లి ట్రే లేపాడు. ఖాళీగా ఉంది. రొయ్య లేదు, మేత కూడా లేదు. ఇంకొకరైతే మేతంతా తినేశాయని సంతోషించేవారు. భీమరాజు తల పట్టుకున్నాడు. జబ్బుతో చచ్చినదాన్ని మిగతా రొయ్యలు పీక్కుతింటాయి. జబ్బు వ్యాపించేదే అలా. ఫొటోలో ఉన్న రొయ్య ట్రేలో లేదంటే, దాన్ని తిన్నవి ఎన్నో లెక్క లేదు.

"తినేశాయిరా దేవుడా," అని గట్టు మీద చతికిలబడి, రొయ్యలు కొనే ఆరోన్‌కి ఫోన్ చేశాడు.

ఇదేమీ తెలియని బుల్లిరాజు పులిహోర డబ్బా, గేలం కర్ర, పిల్లలిద్దర్నీ బండి మీద సర్దుకుని బయల్దేరాడు. మిగిలిన రొయ్యను జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బీచ్ రోడ్డు భీమరాజు చెరువు పక్కనుంచే వెళ్తుంది. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా బ్లీచింగ్ నీళ్లలో తడిపిన గోనె సంచులు పరిచి ఉన్నాయి. ఊళ్లో చెరువులున్న వాళ్లంతా అక్కడే ఉన్నారు. అటు బళ్లు ఇటు రానివ్వట్లేదు, ఇటు మనుషుల్ని అటు పోనివ్వట్లేదు. త్రిమూర్తులు బకెట్టు పట్టుకుని అందరి కాళ్ల మీదా బ్లీచింగ్ నీళ్లు పోయిస్తున్నాడు. ఆయన బండి మీద సాయిదుర్గ కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంది.

"బావా, దేవుడిలా వచ్చావు," అన్నాడు భీమరాజు బుల్లిరాజు చెయ్యి పట్టుకుని. "నా చెరువుకి వైట్ స్పాట్ వచ్చేసింది. ఇవాళే పట్టుబడి చేసి, రొయ్యలన్నీ తీసేసి అమ్మెయ్యాలి. నువ్వెళ్లి ట్రాక్టరు పట్రా. వలలు తేవాలి, ఐసు పెట్టెలు గట్టెక్కించాలి."

బుల్లిరాజు తల అలవాటుగా కిందికి వంగబోయింది. సగంలో శ్రీదుర్గ మొహం కనపడింది. ఆ పిల్ల తండ్రి వైపు చూడట్లేదు. సాయిదుర్గ వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతోంది.

"ఏంటే శ్రీదుర్గా," అంది సాయిదుర్గ. "ఇవాళ కూడా ఆదివారం కాదా?"

బుల్లిరాజు తల మధ్యలో ఆగిపోయింది.

"బావగారూ, మీ చెరువుకి ఏమీ కాలేదండీ," అన్నాడు.

కల్వర్టు మీదున్న వాళ్లంతా ఒక్కసారి ఆయన వైపు తిరిగారు. రొయ్యల ఊళ్లో అనకూడని మాట అది. తన చెరువుకి జబ్బు వచ్చిన ప్రతి రైతూ ఆఖరి వల పడేదాకా చెప్పే మాట అదే. "ఏమీ కాలేదు" అన్న చెరువు సాయంత్రానికి ఎండిపోయి ఉంటుంది. అలాంటిది ఒక మాటా పలుకూ లేని వరి రైతు, ఎవరూ అడక్కుండా, అంత పెద్ద మాట అన్నాడంటే పరిస్థితి ఎంత ముదిరిపోయిందో!

"నేననుకుంటూనే ఉన్నాను," అన్నాడు వెనకనుంచి ఒకాయన, ఫోన్ తీస్తూ. "ఒరే చిట్టియ్యా, మన చెరువుకి కూడా వలలు పట్రారా!"

"మీకెలా తెలుసండీ ఏమీ కాలేదని? మీరెప్పుడు చూశారు?" అని నిలదీశాడు త్రిమూర్తులు.

బుల్లిరాజు గొంతు సవరించుకున్నాడు. "అది బొమ్మండీ."

"ఏది బొమ్మ?"

"రొయ్య."

"బావా, నా కొంప మునిగిపోతుంటే హాస్యాలా?" అన్నాడు భీమరాజు. "చెరువులోకి బొమ్మ ఎలా వస్తుంది, ఈదుకుంటూ వస్తుందా?"

ఎలా వచ్చిందో చెప్పాలంటే గట్టు మొదట్లో ఉన్న బోర్డు అడ్డం వస్తోంది. బంధువులకు సహితము అన్న ముక్క అక్కడికి కూడా స్పష్టంగా కనపడుతోంది. బుల్లిరాజు నోరు తెరిచాడు, మూశాడు. ఆయన మూసినప్పుడల్లా జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఊరుకోండి, ఆయన దాస్తున్నాడు," అన్నారెవరో.

ఇక మాటలతో అయ్యే పని కాదని బుల్లిరాజుకి అర్థమైంది. ఎప్పుడూ అయ్యే పని కాదు కూడా. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, రెండో రొయ్యను పైకి తీశాడు. గులాబీ రంగు, గాజు కళ్లు, తెల్ల చుక్కలు, ఎండలో ధగధగా మెరిసింది.

"అయ్ బాబోయ్! జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు!"

జనం చెల్లాచెదురైపోయారు. ఒకాయన తూములోకి దూకేశాడు. త్రిమూర్తులు కళ్లు మూసుకుని చేతిలో ఉన్న బకెట్టు బుల్లిరాజు నెత్తిన కుమ్మరించాడు. బుల్లిరాజు ఉలిక్కిపడి చెయ్యి వదిలేసరికి రొయ్య తోక సూదులు జేబులోకి దిగబడిపోయాయి. లాగితే చొక్కా వస్తోంది, రొయ్య రావట్లేదు.

"అదుగో, బతికే ఉంది! పట్టుకుని వదలట్లేదు!" అని అరిచాడు తూములో ఉన్నాయన.

బుల్లిరాజు ఇంక ఓపిక లేక చొక్కా విప్పి రోడ్డు మీద పడేశాడు. బనీను మీద బ్లీచింగ్ నీళ్లు కార్చుకుంటూ నిలబడ్డ తండ్రిని శ్రీదుర్గ చూసింది. ఆ చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. బండి దిగి, సంచిలోంచి గేలం కర్ర తీసింది. తాడు చివర రొయ్య మూతికి కట్టింది. చెప్పులు కట్టుకునే ముడి కాదు, అసలైన ముడి. పది అడుగులు వెనక్కి నడిచి, చక్రం తిప్పడం మొదలుపెట్టింది.

రోడ్డు మీద బుల్లిరాజు చొక్కా కదిలింది. చేతులు రెండూ ఈడ్చుకుంటూ, గోనె సంచుల మీదుగా, మెల్లగా పాక్కుంటూ వెళ్లి ఆ పిల్ల కాళ్ల దగ్గర ఆగింది.

ఎవరూ మాట్లాడలేదు. గణేష్‌బాబు ఆ నిశ్శబ్దాన్ని ఎంతసేపు భరించగలడో అంతసేపూ భరించాడు.

"అది గుడ్డ రొయ్యండీ! పార్సిల్లో వచ్చిందండీ! ఇంకోటి నాన్న అటేసి కొడితే ఇటెళ్లి మావయ్య చెరువులో పడిందండీ! నాకు పొత్తులొద్దండీ!" అన్నాడు ఒకే గుక్కలో.

భీమరాజు చొక్కా దగ్గరికి వంగి, రొయ్యను వేలితో పొడిచి చూశాడు. మళ్లీ పొడిచాడు. మొహం రొయ్య రంగులోకి తిరిగింది.

"నా చెరువులో గేలమా? బోర్డు రాయించిన చెరువులో? ఎవరు వేశారు?"

"నేనే మావయ్యా," అంది శ్రీదుర్గ వెంటనే. "నేనే వేశాను. నాన్న వద్దన్నాడు."

"కాదు," అన్నాడు బుల్లిరాజు.

ఆయన నోట ఆ మాట వినడం అక్కడున్న ఎవరికైనా అదే మొదటిసారి. ఆయనకు కూడా కొత్తగానే ఉన్నట్టుంది, ఎలా ఉందో చూసుకుంటున్నట్టు ఒక క్షణం ఆగాడు.

"కాదు బావగారూ. నేనే వేశాను. అటు వెయ్యబోతే ఇటు పడింది. పొద్దున్నే చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు."

"సిగ్గేసిందా! నీ సిగ్గు కోసం నా గుండె ఆగిపోవాలా? సరే, ఇంక ఇప్పుడేం చేస్తాం," అన్నాడు భీమరాజు, కాస్త తగ్గి. "ఆ సూదుల బొమ్మ చెరువులో ఉంటే నా పనివాళ్ల కాళ్లలో దిగుతుంది. దిగి వెతికించాలి. వెళ్లి ట్రాక్టరు పట్రా, ఇంజను పెట్టి కాస్త నీళ్లు తగ్గిద్దాం. సముద్రం ఎక్కడికీ పోదుగా, వచ్చే ఆదివారం వెళ్దురుగాని."

జనం బుల్లిరాజు తల వైపు చూశారు. సాయిదుర్గ కూడా చూసింది. శ్రీదుర్గ గేలం కర్ర మడిచి సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

"కాదు బావగారూ," అన్నాడు బుల్లిరాజు. రెండోసారి తేలికగా వచ్చింది. "రేపు పొద్దున్నే వచ్చి నేనే దిగి వెతుకుతాను. ఇవాళ ఆదివారం. పిల్లకి మాటిచ్చాను."

భీమరాజు గట్టిగా ఏదో అనబోయాడు. ఆ సమయానికి ఐసు వ్యాను వచ్చి కల్వర్టు అవతల ఆగింది. ఆరోన్ తల బయటికి పెట్టాడు.

"భీమరాజుగారూ! మీ చెరువుకి ఏమీ లేదు, పక్క చెరువుకి వచ్చింది, మీది ముందుజాగ్రత్తగా పట్టేసుకోమన్నారుగా? ఆ పక్క చెరువు ఎవరిదండీ, మనోళ్లు అటు పోకుండా చెప్తాను."

పక్క చెరువు త్రిమూర్తులుది. త్రిమూర్తులు ఖాళీ బకెట్టు కింద పెట్టాడు.

"ఏమండీ అన్నయ్యగారూ, నా చెరువుకి వచ్చిందని చెప్పారా? నా చెరువు పేరు పాడుచేస్తారా?"

"నువ్వాగవయ్యా," అన్నాడు భీమరాజు, ఎటూ తోచక. "అసలు నా ట్రే ఫొటో తీసిందెవరో ముందు తేలనీ. పరాయి చెరువు ట్రే లేపినవాడెవడో..." అంటూ ఫోన్ తీసి, ఫొటో పెద్దది చేసి అందరికీ చూపించాడు. ట్రే అంచుని పట్టుకున్న వేలు ఒకటి ఫొటో మూలకి పడింది. వేలికి పగడం ఉంగరం.

సాయిదుర్గ తొంగి చూసింది. "నాన్నా, నీ ఉంగరమే కదా ఇది?" అంది, పోయిన వస్తువు దొరికినంత సంబరంగా.

తూములో ఉన్నాయన పైకెక్కి వచ్చాడు. ఇక్కడ ఎవరు ఎవర్ని తిట్టాలో ఆయనకు అంతు పట్టలేదు. బుల్లిరాజు గేలం వేశాడు. త్రిమూర్తులు ట్రే లేపాడు. భీమరాజు జబ్బుని పక్క చెరువు మీదకి తోసేశాడు. ముగ్గురూ మూడు వైపులు చూస్తూ నిలబడ్డారు. నవ్వు ముందు ఆడపిల్లల దగ్గర మొదలైంది. శ్రీదుర్గ సాయిదుర్గని చూసింది, సాయిదుర్గ పాకి వచ్చిన చొక్కాని చూసింది, ఇద్దరూ బండిని పట్టుకుని వంగిపోయి నవ్వారు. ఆ తరవాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

"అదంతా సరేనండీ," అన్నాడు ఆరోన్. "ఈ ఐసంతా నేనేం చేసుకోనండీ?"

భీమరాజు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. రోడ్డు మీద చొక్కాని పట్టుకున్న రొయ్యను మరోసారి చూశాడు. 

"అది నిజంగా దీన్ని కౌగిలించుకుంటుందంటావా బావా?" అన్నాడు.

బుల్లిరాజు తల ఊపాడు.

పేరుపాలెం ఒడ్డున ఆరోన్ ఐసు వ్యాను నిండా జనం దిగారు. సముద్రం టీ రంగులో ఉంది. శ్రీదుర్గ వేసింది, సాయిదుర్గ వేసింది, గణేష్‌బాబు వేస్తే ఆరోన్ టోపీ తగిలింది. స్క్విడ్ జాడ లేదు. ఇంతలో భీమరాజు "ఇలా ఇవ్వమ్మా, ఎలా వెయ్యాలో చూపిస్తాను" అని కర్ర తీసుకున్నాడు. మళ్లీ ఇవ్వలేదు. పంచె ఎగ్గట్టి మోకాటి లోతు నీళ్లలో నిలబడి, విసరడం, తిప్పడం, విసరడం. "మావయ్యా, నా వంతు" అంటే "ఒక్కటమ్మా, ఇప్పుడే ఏదో తగిలింది" అనేవాడు. పక్కన త్రిమూర్తులు తన వంతు కోసం నిలబడ్డాడు.

అప్పుడే తీరానికి చేరిన పడవ దగ్గర బేరం చేస్తున్న అప్పాయమ్మ వీళ్లని చూసి నవ్వుకుంటూ వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో నీళ్లు, నీళ్లలో వలకి పడ్డ స్క్విడ్ ఒకటి ఇంకా మెల్లగా కదులుతోంది.

"ఇదుగో పాపా, నీ కోసమే ఉంచాను. దీన్ని మీ రొయ్యకి తగిలించేసి ఫొటో తీసుకో. నువ్వు పట్టావో వల పట్టిందో ఎవడికి తెలుసుద్ది?"

శ్రీదుర్గ గిన్నెలోకి చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది. బుల్లిరాజు తల ఊపలేదు.

"వద్దు మామ్మా," అంది. "పట్టలేదని చెప్తాను. వచ్చామని చెప్తాను, అంతే."

బుల్లిరాజు కూతురి భుజం మీద చెయ్యి వేసి, ఆ స్క్విడ్ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దామని గిన్నె మీదకి వంగాడు. అది ఎక్కడ దాచుకుందో ఓపిక, ఒక్కసారిగా నల్లటి సిరా చిమ్మింది. బుల్లిరాజు మొహం, బనీను, ముక్కు చివర అంతా నలుపు. కళ్లు మాత్రం రెండు తెల్లగా మిటకరిస్తున్నాయి.

అచ్చం వీడియోలో లాగే పిల్లలు ఇసకలో పడి దొర్లారు. ఆ వీడియోలో తండ్రి కూడా నవ్వుతాడా లేదా అన్నది బుల్లిరాజుకి గుర్తు రాలేదు. తను మాత్రం నవ్వాడు. పైకి, చప్పుడొచ్చేలా.

సోమవారం బళ్లో ఎవరో అడిగారు, స్క్విడ్ పట్టావా అని. శ్రీదుర్గ నోరు తెరిచేలోపు సాయిదుర్గే చెప్పింది.

"స్క్విడ్ పడలేదు గానీ, వాళ్ల నాన్న ఆదివారం దొరికింది."

ఆ మరుసటి వారం భీమరాజు పేర పార్సిలు వచ్చింది. గేలం కర్ర, చక్రం, ఒక డబ్బా నిండా చుక్కల రొయ్యలు. డబ్బా విప్పి, గట్టు మీద అడుగు పెట్టే ముందు, ఆయన వాటిని ఒక్కొక్కటే బ్లీచింగ్ నీళ్లలో ముంచి తీశాడు.